గ్యాప్ వచ్చిందన్నారు

2018 ఏప్రిల్, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ మూడో రోజు. ఇరవై రెండో పేపరు దిద్దుతుంటే నా మెడ ఎడమవైపు తిరగనని మొండికేసింది. పక్కన కూర్చున్న ములుగు మేడంతో మాట్లాడాలంటే కుర్చీతో సహా తిరగాల్సి వచ్చింది. నడుం నొప్పి అప్పటికే నాలుగేళ్ల నుంచి ఉంది. హన్మకొండ నుంచి పరకాల వైపు మా బడికి పోయే బస్సులో వెనక సీటే దొరికిన రోజున స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టుకుంటూ పోయేదాన్ని. మా ఇంట్లో ఆడవాళ్లందరికీ ఉన్నదే కదా అని దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మెడ కూడా తోడయ్యేసరికి భయమేసింది. ఆ వేసవి సెలవుల్లోనే ఎమ్మారై తీయించాను.

రిపోర్టులో మూడు సంగతులున్నాయి. నడుం కింది పూసలైన ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు కొంచెం బయటికి ఉబ్బడం. ఎల్5-ఎస్1 దగ్గర డిస్క్ ఎండిపోవడం. మెడలో ఉండాల్సిన వంపు తగ్గిపోవడం. నాకప్పుడు 41 ఏళ్లు. డాక్టరు ఫిల్మును లైటుకు పెట్టి చూసి, "అరవై ఏళ్ల మనిషి వెన్నెముకలా ఉంది మేడం. గ్యాప్ వచ్చింది. వంగొద్దు, బరువులు ఎత్తొద్దు, కింద కూర్చోవద్దు" అన్నారు. మొత్తం నాలుగు నిమిషాలు. ఆయన చెడ్డవాడేం కాదు, బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉన్నారు. కానీ ఆ నాలుగు నిమిషాల్లో ఆయన అన్న ఆ ఒక్క మాట నన్ను రెండున్నరేళ్లు మంచానికి కట్టేసింది.

గ్యాప్ అంటే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పిల్లలు ప్రశ్నలు అడగడం లేదని రోజూ తిట్టే టీచర్ని, ఆ గదిలో నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక నాకు నేనే ఊహించుకున్నాను. గోడకు పగులు వచ్చినట్టు, రైలు పట్టాల మధ్య సందు వచ్చినట్టు నా వెన్నులో ఎక్కడో ఖాళీ ఏర్పడిందని, వంగితే అందులోంచి ఏదో జారి బయటికి వస్తుందని. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, సంగతి దానికి పూర్తిగా తిరగబడి ఉందని. డిస్కులో నీటి శాతం తగ్గితే రెండు వెన్నుపూసల మధ్య దూరం పెరగదు, తగ్గుతుంది. మనవాళ్లందరూ 'గ్యాప్ వచ్చింది' అనేది గ్యాప్ తగ్గడాన్ని! లెక్కల టీచర్నై ఉండి ప్లస్సుకీ మైనస్సుకీ తేడా తెలుసుకోకుండా అన్నేళ్లు భయపడ్డాను.

పోనీ, తగ్గిందనే అనుకుందాం. తగ్గితే నొప్పి రావాల్సిందేనా? 2015లో అమెరికన్ న్యూరోరేడియాలజీ పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. 33 అధ్యయనాలు, నడుం నొప్పే లేని 3,110 మంది స్కానింగులు. నలభై ఏళ్ల వయసు వాళ్లలో 68 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల కనిపించింది, సగం మందికి బల్జ్ ఉంది. ఇరవై ఏళ్ల వాళ్లలో కూడా 37 శాతానికి అరుగుదల ఉంది, ఎనభై వచ్చేసరికి అది 96 శాతం. వీళ్లెవరికీ నొప్పి లేదన్నది మళ్లీ గుర్తు చేసుకోండి. మా స్టాఫ్‌రూంలో ఉన్న పదకొండు మందినీ వరసగా ఆ మిషన్లో పడుకోబెడితే సగం మందికి పైగా నా రిపోర్టే వచ్చేదేమో, రోజూ సాయంత్రం పిల్లలతో వాలీబాల్ ఆడే పీఈటీ సారుతో సహా. స్కానింగు పనికిరాదని కాదు, డిస్కు వల్ల నొప్పి రాదని అంతకన్నా కాదు. తల నెరిసిన మనిషికి తలనొప్పి వస్తే దానికి నెరిసిన జుట్టే కారణమని చెప్పలేం కదా. నా విషయంలో జరిగింది అదే.

మాట మనసులో దిగాక శరీరం దాని వెనకే నడిచింది. నడుముకు బెల్టు కట్టాను. కాళ్లకు బరువులు వేలాడదీయించుకున్నాను. పది రోజులు కరెంటు పెట్టించుకున్నాను, మళ్లీ పది రోజులు. ఎవరో చెబితే జనగామ అవతల ఒక ఊళ్లో పూసలు సరిచేసే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన నూనె వేసి రుద్దుతుంటే హాయిగానే ఉంది, కానీ ఇల్లు చేరేలోపు ఆ హాయి బస్సులోనే దిగిపోయింది. ఇంట్లో వాళ్లు నన్ను బంగారంలా చూసుకున్నారు. మా వారు నీళ్ల బిందె ముట్టుకోనివ్వలేదు. అత్తమ్మ చీపురు లాక్కునేది. పెళ్లిళ్లలో అందరూ బంతిలో కింద కూర్చుంటే నాకు మాత్రం కుర్చీ వేసేవాళ్లు. ఆ జాగ్రత్తే నా కొంప ముంచింది. వాడని ఒళ్లు ఎంత తొందరగా చేతగానిదవుతుందో 2020లో బళ్లు మూతపడ్డప్పుడు చూశాను. ఆరు నెలలు ఇంట్లోనే ఉండి, సగం సేపు పడుకుని, మెట్లెక్కితే తొడలు వణికే స్థితికి వచ్చాను.

పడుకుంటే తగ్గుతుందన్నది మనందరి నమ్మకం. ఫిన్లాండ్‌లో 1995లో ఒక అధ్యయనం చేశారు. కొత్తగా నడుం పట్టేసిన ఉద్యోగుల్లో కొందరిని మంచం మీద విశ్రాంతి తీసుకోమన్నారు, కొందరితో వ్యాయామాలు చేయించారు, కొందరిని నొప్పి భరించగలిగినంత మేర మామూలు పనులు చేసుకొమ్మన్నారు. ఈ మూడో రకం వాళ్లే తొందరగా కోలుకున్నారు. అప్పటికి నేను ఇంటర్ దాటానంతే. ఆ సంగతి హన్మకొండ చేరడానికి పాతికేళ్లు పట్టింది.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుం నొప్పి ఉందని, 2050 నాటికి 84 కోట్లు దాటొచ్చని వాళ్ల లెక్క. ఏ ఫలానా జబ్బు అని తేల్చి చెప్పలేని నొప్పే అందులో 90 శాతం. మామూలుగా వాడొద్దని చెప్పిన వాటిలో బెల్టులు, బరువులు కట్టి లాగడం, కరెంటు పెట్టడం ఉన్నాయి. ఆ జాబితా చదువుతుంటే బీరువాలో దాచిన నా బిల్లుల కవరు చదువుతున్నట్టే ఉంది. మసాజును మాత్రం వాళ్లు కొట్టిపారేయలేదు, కాబట్టి జనగామ అవతలాయనకు ఎంతో కొంత న్యాయం జరిగినట్టే. వాళ్లు ముందు పెట్టింది నొప్పి గురించి రోగికి వివరంగా చెప్పి తనను తాను చూసుకోవడం నేర్పించడాన్ని, వ్యాయామాన్ని, అవసరమైతే మనసుకు సంబంధించిన చికిత్సను.

నాకు ఆ నేర్పించడం అంతకు మూడేళ్ల ముందు ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర దొరికింది. నా స్టూడెంటు వయసు ఉంటుంది ఆ అమ్మాయికి. మంచం మీద పడుకోమంటుందని చెప్పులు విడవబోతుంటే, "మేడం, ఈ నొప్పి వల్ల మీరు ఏమేం మానేశారు?" అని అడిగింది. అంతవరకు అందరూ నొప్పి ఎక్కడ, ఎంత, ఎప్పటి నుంచి అని అడిగినవాళ్లే. కాగితం మీద రాయడం మొదలుపెడితే పద్నాలుగు తేలాయి. బోర్డు పైవరకు రాయడం, రొట్టెల పిండి పిసకడం, రెండు చేతులూ ఎత్తి జడ వేసుకోవడం, మేడారం జాతరకు పోవడం... "వీటిలో మీకు ముందు ఏది తిరిగి కావాలి?" అంది. ఆలోచించకుండానే చెప్పాను, కింద కూర్చొని బతుకమ్మ పేర్చాలని. అప్పటికి రెండేళ్లుగా ఎంగిలిపూల రోజున వేయిస్తంభాల గుడి దగ్గర ఓ పక్కన కుర్చీ వేసుకుని, ఆడేవాళ్ల పర్సులు కాపలా కాస్తున్నాను.

ఆ అమ్మాయి నేర్పిన వ్యాయామాలు నాలుగే. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని నడుం పైకి లేపడం. చేతులూ మోకాళ్ల మీద ఉండి ఒక చెయ్యి, దానికి ఎదురు కాలు చాచడం. గడ్డాన్ని వెనక్కి లాగి మెడ నిటారు చేయడం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. ఇందులో వింతేం లేదు, ఏ ఫిజియో అయినా ఇవే చెబుతారు. అంతకు ముందు కూడా నాకు ఎవరో ఇవే ఉన్న జిరాక్స్ కాగితం ఇచ్చారు, అది ఎక్కడో పోయింది. నాకు అసలు కొత్తగా తెలిసింది లెక్క.

నాది అప్పటి వరకు పండగ లెక్క. నొప్పి తక్కువున్న రోజున ఇల్లంతా దులిపేదాన్ని. ఒక దసరా ముందు ఒంట్లో బాగుందని ఒక్కపూటలో ఆరు బొంతలు ఉతికి మేడ మీద ఆరేశాను. తర్వాత నాలుగు రోజులు చెంబు పట్టుకోవాలన్నా ఎవరో ఒకరు ఉండాలి. ఆ నాలుగు రోజులు చూసి 'చూశావా, పని చేస్తే ఇట్లైతది' అని అత్తమ్మ, 'అవును' అని నేను. పనినే తప్పుపట్టాం. తప్పు పనిది కాదు, మోతాదుది. ఆ అమ్మాయి నన్ను భద్రకాళి చెరువు బండ్ మీద రోజుకు ఏడు నిమిషాలు నడవమంది. ఏడేనా అని నవ్వాను. బాగున్న రోజున కూడా ఏడే, బాగాలేని రోజున కూడా ఏడే అని గట్టిగా చెప్పింది. నాలుగు రోజులకొకసారి ఒక్క నిమిషం పెంచాలి. బాగున్న రోజున ఆగడం ఎంత కష్టమో చేస్తే గానీ తెలియదు. నొప్పి రోజున నడవడం కంటే అదే కష్టం. ఫోన్లో టైమర్ మోగేసరికి ఎదురుగా చెరువు మీద కొంగలు కనిపిస్తుంటాయి, ఇంకొంచెం ముందుకు పోదామనిపిస్తుంది. వెనక్కి తిరగాలి. మొన్నామధ్య చెరువు నీళ్లు వదిలేసి పూడిక తీస్తున్న రోజుల్లో ముక్కు మూసుకొని నడిచాను గానీ మానలేదు. ఇప్పుడు నలభై నిమిషాలు.

నొప్పి ఎందుకు అంత కాలం ఉండిపోయిందనేదానికి నాకు నచ్చిన పోలిక ఒకటుంది. దొంగ పడ్డ ఇంటి కుక్కను చూశారా? ఆ రాత్రి తర్వాత అది పాలవాణ్ని చూసినా మొరుగుతుంది, పేపరు పడ్డా మొరుగుతుంది. మొరగడం నిజమే, దొంగ మాత్రం లేడు. మూడు నెలలు దాటిన నొప్పిలో చాలాసార్లు జరిగేది ఇలాంటిదే. నరాలు, మెదడు కలిసి కాపలా పెంచేస్తాయి, చిన్న కదలికకు కూడా అపాయం అన్నట్టు అరుస్తాయి. నిద్ర తక్కువైనా, టెన్షన్ పెరిగినా ఆ అరుపు పెరుగుతుంది. నా డైరీలో నొప్పి ఎక్కువైన రోజులకు బరువులు ఎత్తిన రోజులతో పెద్దగా పొంతన కుదరలేదు, పిల్లవాడి ఎంసెట్ ర్యాంకు కోసం రాత్రుళ్లు మేలుకున్న వారంతో బాగా కుదిరింది. కుక్కను కొడితే అది ఊరుకోదు. పాలవాడు రోజూ అదే వేళకు వచ్చి ఏమీ చేయకుండా పోతుంటే మెల్లగా ఊరుకుంటుంది. ఆ ఏడు నిమిషాల నడక నా పాలవాడు.

ఇది చెబితే కొందరు, "అంటే అంతా మీ మనసులోనే ఉందన్నమాట" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. మెదడు ప్రమేయం ఉన్నంత మాత్రాన నొప్పి కల్పన అయిపోదు. కుక్క మొరుగుతుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు, దొంగ ఉన్నా లేకపోయినా. ఇంకో రకం వాళ్లు ఫోన్ చూడటం మానెయ్, నిటారుగా కూర్చో, అంతా కూర్చునే తీరులోనే ఉంది అంటారు. నేను ఒక ఏడాది కట్టెలా నిటారుగా కూర్చున్నాను. వీపు ఇంకా బిగుసుకుంది. ఎంత మంచి భంగిమైనా రెండు గంటలు కదలకుండా ఉంటే చెడ్డదే. ఇప్పుడు వాల్యుయేషన్ క్యాంపులో పేపర్ల కింద ఒక లావు పుస్తకం పెట్టుకుంటాను, ఎనిమిది పేపర్లకోసారి లేచి మంచినీళ్ల కుండ దాకా పోయి వస్తాను. మొదటి రోజు క్యాంపు ఆఫీసరు నన్ను ఓ చూపు చూశారు. మూడో రోజుకు నాతో పాటు ఇంకో ఇద్దరు లేవడం మొదలుపెట్టారు.

ఇంతవరకు చెప్పింది విని ఇదంతా మనిషి పట్టుదలను బట్టి ఉంటుందని ఎవరైనా అనుకుంటే, వాళ్లను కోరుట్లలో మా అమ్మ దగ్గరికి పంపాలి. మా అమ్మ ముప్పై ఆరేళ్లు బీడీలు చేసింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, చేతిలో కత్తెర. మెడ వంచి, వీపు వంచి, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. నొప్పి ఎక్కువైతే ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకునేది, ఆ సాయంత్రానికే మళ్లీ చాట ముందు కూర్చునేది. ఆ సూదిలో ఏముందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న నొప్పి గోళీలకు లెక్కే లేదు. ఇప్పుడామెకు కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. గోళీల వల్లేనని ఏ డాక్టరూ కాగితం మీద రాయలేదు, బీపీ కూడా ఉంది. కానీ అలాంటి గోళీలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలకు, కడుపుకు చేటు అన్న సంగతి మాత్రం అందరికీ తెలిసిందే, ఆమెకు తప్ప. పోయిన సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు నా ఫోన్లో టైమర్ మోగింది.

"అదేంది బిడ్డా, గట్ల మోగుతున్నది?"

"కూసొని శానాసేపైంది, లేవుమంటున్నదమ్మా."

"మంచిగున్నది. మేము లేస్తె వంద బీడీలు తక్కువైతుండె."

నేను ఎనిమిది పేపర్లకోసారి లేవగలను. లేచినందుకు నా జీతంలోంచి ఎవరూ పట్టుకోరు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీకి, కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషికి ఈ మోతాదు లెక్క ఎలా చెప్పాలో నాకు తెలియదు. తన నొప్పిని తాను చూసుకోవడం నేర్చుకోవాలనే నేను వాదిస్తాను, కానీ దాని వెనక ఉన్న ఖర్చు చెప్పకుండా వాదించను. నాక్కూడా పొద్దున వ్యాయామాలకు పాతిక నిమిషాలు ఊరికే దొరకలేదు. ఆ టైంలో చాయ్, పిల్లల టిఫిన్ బాక్సులు మా వారివి అని తేలడానికి రెండు నెలలు, నాలుగు గొడవలు పట్టాయి. కోడలు పొద్దుగాల లేచి నేల మీద పొర్లుతున్నదని అత్తమ్మ వాడకట్టంతా చెప్పింది. ఇప్పుడు ఆమెకు మోకాళ్లు నొస్తే నన్నే అడుగుతుంది, నా మాట మాత్రం వినదు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరూ సొంత వైద్యం చేసుకోవద్దు. మా బంధువుల్లో ఒకాయనకు నడుం నొప్పితో పాటు సాయంత్రం పూట సన్నగా జ్వరం, మనిషి చిక్కిపోవడం. నాలుగు నెలలు సూదులు వేయించుకున్నాక గానీ వెన్నెముకకు టీబీ అని తేలలేదు. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, కాకపోతే ముందు జబ్బు తెలియాలి. జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గక రాత్రంతా వేధించే నొప్పి, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండటం, కిందపడ్డాక మొదలైన నొప్పి, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు. కాలు గానీ చెయ్యి గానీ బలం తగ్గుతున్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా అదే రోజు, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి పరుగెత్తాలి. నా నొప్పి అలాంటిది కాదని పరీక్ష చేసి తేల్చినవాళ్లు ఉన్నారు కాబట్టే నేను బండ్ మీద ధైర్యంగా నడిచాను.

నొప్పి పోయిందా అని ఇప్పటికీ అడుగుతారు. పోలేదు. ఏడాదికి మూడు నాలుగుసార్లు గట్టిగా తిరగబెడుతుంది. అందుకోసం బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించాను, బాగున్న రోజున నా చేత్తోనే రాసింది. వేడినీళ్ల బ్యాగు. అరగంటకోసారి పక్క మారడం. నడక సగం, కానీ సున్నా కాదు. డాక్టరు చెప్పిన మాత్ర, చెప్పినన్ని రోజులే. మళ్లీ ఎమ్మారై కోసం ఫోన్ చేయొద్దు. అన్నిటికంటే కింద, 'పోయినసారి ఆరు రోజుల్లో తగ్గింది' అని రాసి ఉంటుంది, పక్కన తేదీ. నొప్పిలో ఉన్నప్పుడు మనిషికి పాత సంగతులు గుర్తుండవు. ఆ కాగితానికి గుర్తుంటుంది.

మొదటిసారి మళ్లీ కింద కూర్చుంది 2021 ఎంగిలిపూల నాడు. అంతకు ముందు ఆరు వారాలు దిండు మీద కూర్చోవడం, తర్వాత మడిచిన దుప్పటి మీద, తర్వాత చాప మీద సాధన చేశాను. తాంబాళంలో ఆకులు పరిచి, గునుగు, తంగేడు వరసలు పేరుస్తుంటే వెనక నుంచి మా వారు కుర్చీ తెచ్చి పెట్టారు. వద్దనలేదు, దాని మీద గునుగు కట్టలు పెట్టుకున్నాను. ఐదు వరసలయ్యాక లేచి ఇంట్లో ఒక చుట్టు తిరిగి వచ్చి మిగతాది పూర్తి చేశాను. సాయంత్రం గుడి దగ్గర వంగి చప్పట్లు కొడుతూ మూడు పాటలు ఆడాను. నాలుగో పాటకు బయటికొచ్చాను, ఎందుకంటే అనుకున్నది మూడే. మర్నాడు పొద్దున నడుం పట్టేసింది. డైరీలో పదికి నాలుగు అని రాసి, చెప్పులేసుకుని బండ్ మీదికి పోయాను.